పసిపిల్లల్లో క్షయ: దాచవద్దు, ముందే గుర్తిద్దాం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. వైద్యం మా వృత్తి కాదు. అయినా పిల్లల సంగతి కనుక నాలుగు మాటలు చెప్పటం మా బాధ్యత అనుకుంటున్నాము.

మన ఇళ్ళల్లో తపేదిక్ అనే జబ్బునే తెలుగులో క్షయ అంటారు, డాక్టర్లు టి.బి. అంటారు. ఆ పేరు చెప్పటానికే మనవాళ్ళు జంకుతారు. "ఆడపిల్ల పెండ్లి కావాల్సి ఉంది, బయట తెలిస్తే ఎట్లా?" అని దాస్తారు. దాచిన జబ్బు ఇంట్లోనే తిరిగి, చివరకు ఒడిలోని పసిగుడ్డును పట్టుకుంటుంది.

పసిపిల్లలకు ఈ జబ్బు చాలావరకు ఇంట్లో పెద్దల దగ్గు నుంచే అంటుతుంది. ఆ దగ్గేది దాదీ కావచ్చు, నానా కావచ్చు. ఏడాదిలోపు పిల్లలకు క్రిమి సోకి మందు పడకపోతే దాదాపు సగం మంది జబ్బు పడతారని వైద్యులు చెబుతారు. అది మెదడు పొరలకు పాకితే ప్రాణం దక్కినా చూపో, వినికిడో, తెలివో దెబ్బతినవచ్చు.

పసివాడు నొప్పి చెప్పలేడు, కఫం ఉమ్మలేడు. మనమే కనిపెట్టాలి. రెండు వారాలు దాటిన దగ్గు లేక జ్వరం, పాలు సరిగా తాగకపోవటం, బరువు పెరగకపోవటం, మెడలో గడ్డలు, హుషారు తగ్గటం గుర్తులు. వాంతులతో మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. దువా చేయించండి, తావీజు కట్టించండి, కాదనము. డాక్టరు దగ్గరికి పోవటం మాత్రం ఆపవద్దు.

బడిలో మేము రోజూ హాజరు తీస్తాము. అంగన్‌వాడీలోని తూకం కార్డు కూడా హాజరు పట్టీ వంటిదే. గీత పైకి పోవటం ఆగిందంటే కబురు వచ్చినట్టే.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. పొద్దున్నే కడుపులోని నీరు తీసి ట్రూనాట్ వంటి యంత్రం మీద పరీక్షిస్తారు. పసివాళ్ళల్లో ఒక్కోసారి క్రిమి దొరకదు. అప్పుడు ఇంట్లో రోగి ఉన్నాడన్న మాటే డాక్టరుకు దారి చూపుతుంది. ఆ మాట దాస్తే దారి మూసినట్టే.

1921లో పారిస్‌లో బి.సి.జి. టీకా మొదటిసారి ఇచ్చింది ఒక పసికందుకే. తల్లి క్షయతో పోయింది, పెంచవలసిన అమ్మమ్మకూ అదే జబ్బు. ఈనాడు మన దగ్గర పుట్టగానే ఈ టీకా వేస్తారు. మెదడు క్షయ నుంచి బాగా కాపాడుతుంది, అయితే పూర్తి రక్షణ కాదు. కనుక ఇంట్లో ఎవరికైనా క్షయ తేలితే అయిదేళ్ళలోపు పిల్లలందరినీ చూపించాలి. జబ్బు లేదని తేలినా, రాకుండా ముందు జాగ్రత్త మందు ఇస్తారు. తల్లికే జబ్బు ఉన్నా డాక్టరు సలహాతో, మూతికి గుడ్డ కట్టుకుని, పాలు ఇవ్వవచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు విడవకుండా వాడితే చాలావరకు నయమవుతుంది. 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నారు.

1951లో భూదానానికి నాంది పలికిన ఊరు మనది. భూమినే ఇచ్చిన ఊరికి పసివాళ్ళ కోసం ఒక మాట దాచకుండా చెప్పటం కష్టం కాదు. ఇంట్లో దగ్గు ఎవరిదో ముందు అడగండి. ఖుదా హాఫిజ్.