పాలు పట్టే వయసు, పెద్దమనిషయ్యే వయసు



ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: "ఈ కాలం పిల్లలు ఇంత త్వరగా పెద్దమనుషులైపోతున్నారేంది?"

దీనికి కారణం ఒక్కటే కాదు. వంశం ఉంది, తిండి ఉంది, ఒంటి బరువు ఉంది. ఆ బరువు దగ్గరే కాస్త ఆగుదాం. పసితనంలో మరీ వేగంగా ఒళ్లు చేసిన పిల్లల్లో యవ్వనం కొంచెం ముందుగా రావచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. ఒంట్లోని కొవ్వు లెప్టిన్ అనే హార్మోనును వదులుతుంది. కొవ్వు నిల్వ చాలినంత ఉందని మెదడుకు కబురు చేసేది అదే; యవ్వనం మొదలవడానికి ఆ కబురు తోడ్పడుతుంది. డబ్బాపాల బిడ్డలు సాధారణంగా తల్లిపాల బిడ్డలకన్నా త్వరగా బరువెక్కుతారు. అలాగని డబ్బాపాలు తాగిన ప్రతి పాపా ముందే పెద్దమనిషి కాదు. ఏ తల్లినీ నిందించకండి.

వీలైనంతవరకు మాత్రం తల్లిపాలే పట్టండి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి. 6 నెలలు నిండేదాకా తల్లిపాలే. మన మెట్ట ఎండల్లో కూడా మంచినీళ్లు వద్దు. మళ్లీ చెబుతున్నా, మంచినీళ్లు కూడా వద్దు. తల్లిపాలలోనే కావలసినంత నీరుంది. 6 నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, రాగిజావ, గుడ్డు మొదలుపెట్టండి. 2 ఏళ్లదాకా తల్లిపాలు మాన్పించకండి.

ఆడపిల్లకు 8 ఏళ్లు, మగపిల్లాడికి 9 ఏళ్లు నిండకముందే యవ్వనపు మార్పులు కనిపిస్తే దిష్టి తీసి ఊరుకోకండి. దాచిపెట్టకండి. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.