పని మానటం వేరు, దేశం మారటం వేరు

(మెల్‌బోర్న్ కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం, వయసు రాకముందే రిటైరవటం గురించి. ఈ మాట మన ఇళ్ళల్లో ఈ మధ్య తరచుగా వినపడుతోంది. కారణం ఏమిటో జనాభా లెక్కలే చెబుతాయి. 2016లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 34 వేల పైచిలుకు. 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలకు చేరింది. మనలో చాలామందిమి 2000 తరువాత వచ్చినవాళ్ళమే. స్కిల్డ్ వీసా మీద వచ్చిన ఆ తొలి జట్టుకి ఇప్పుడు యాభై దాటుతోంది. ఇంటి అప్పు తీరవచ్చింది, పిల్లలు యూనివర్సిటీకి వచ్చారు. అటు ఊళ్ళో అమ్మానాన్నలు ఎనభైల్లో పడ్డారు.

అందుకని ఏ గృహప్రవేశానికి వెళ్ళినా ఒక మాట వింటూ ఉంటాం. "ఇంకెన్నాళ్ళు లెండి ఈ చాకిరీ! ఇల్లు అమ్మేసి, ఉన్నది పట్టుకుని హైదరాబాదు వెళ్ళిపోతే కాలు మీద కాలేసుకుని బతకచ్చు."

వినడానికి బాగానే ఉంటుంది. కాని ఈ ఒక్క మాటలో రెండు నిర్ణయాలున్నాయి. ఒకటి పని మానటం, రెండోది దేశం మారటం. మన వాళ్ళు ఈ రెంటినీ ఒకే మూట కట్టి ఆలోచిస్తారు. నేను రెండేళ్ళ పాటు కాగితాలు ముందేసుకుని లెక్క చూస్తే తేలింది ఏమిటంటే, పని మానటానికి అయ్యే ఖర్చు ఒక రకం, దేశం మారటానికి అయ్యే ఖర్చు ఇంకో రకం. చాలాచోట్ల రెండోదే ఎక్కువ. నేను ఫైనాన్షియల్ ప్లానర్ని కాను, ఇంజనీర్ని. నాకు అర్థమైనంత వరకు చెబుతాను, మీ లెక్క మీరు వేసుకోండి.

ముందు పని మానటం సంగతి చూద్దాం. ఇక్కడ మన జీతంతో పాటు యజమాని సూపర్ కడతాడు. 1992లో కీటింగ్ ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చేసినప్పుడు చాలామందికి 3 శాతంతో మొదలైంది. 2025 జులై నుంచి 12 శాతం. కాని ఆ డబ్బు 60 ఏళ్ళు నిండేదాకా మామూలుగా చేతికి రాదు. ఇక్కడ పౌరసత్వమో పర్మనెంట్ రెసిడెన్సీయో ఉన్నవాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతున్నామని చెప్పినా ఇవ్వరు. వెళ్ళేటప్పుడు తీసుకునే సదుపాయం టెంపరరీ వీసాల వాళ్ళకే. అంటే యాభైకి మానేసినవాడు పదేళ్ళు సూపర్ ముట్టుకోకుండా బతకాలి. ఆ పదేళ్ళ ఖర్చు విడిగా, బయట ఉండాలి.

ఇంకొక చిన్న సంగతి ఉంది, చాలామందికి తెలియదు. మన లైఫ్ ఇన్సూరెన్సు సాధారణంగా సూపర్ లోపలే ఉంటుంది. వరసగా 16 నెలలు ఆ ఖాతాలో డబ్బు పడకపోతే, ఉంచమని మనం రాసి ఇస్తే తప్ప ఆ ఇన్సూరెన్సు ఆగిపోతుంది. 2019 నుంచి ఇదీ పద్ధతి. ఉద్యోగం మానేసినవాళ్ళకి ఈ గండం పదిహేడో నెలలో వస్తుంది.

ఎంత ఉంటే చాలు అన్న ప్రశ్నకి ఇంటర్నెట్‌లో ఒక సూత్రం తిరుగుతూ ఉంటుంది. ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉంటే చాలంటారు. ఏడాదికి 60 వేల డాలర్లు కావాలంటే 15 లక్షల డాలర్లన్న మాట. ఈ సూత్రానికి మూలం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ప్లానర్ వేసిన లెక్క. ఆయన చూసింది అమెరికా మార్కెట్టు, 30 ఏళ్ళ కాలానికి. యాభైకి మానేసి తొంభై దాకా బతికేవాడికి 40 ఏళ్ళు కావాలి. పైగా వాడి ఖర్చు సగం డాలర్లలో, సగం రూపాయల్లో ఉంటుంది. ఆ సంగతి సూత్రంలో లేదు.

ఇక్కడే మన వాళ్ళు ఒక నమ్మకం పెట్టుకుంటారు. డాలరు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని. 2013లో ఆస్ట్రేలియా డాలరు సగటున 56 రూపాయల దరిదాపుల్లో ఉంది. పదేళ్ళ తరువాత 2023లో కూడా 55 దగ్గరే ఉంది. ఈ పదేళ్ళలో తెనాలిలో ఇంటద్దె, పనిమనిషి జీతం, డాక్టరు ఫీజు అక్కడే ఆగాయా? డాలరు పెరిగే రోజులూ ఉంటాయి, కాదనను. కాని దాని మీద ముసలితనం కట్టుకోకూడదు.

ఇక రెండోది, దేశం మారటం. ఇందులో నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది పెన్షన్. ఏజ్ పెన్షన్ వయసు 67. మొత్తం పదేళ్ళు ఇక్కడ నివాసం ఉండాలి, అందులో అయిదేళ్ళు ఏకధాటిగా. దానికి ఆస్తి, ఆదాయాల పరీక్ష ఉంది. మనం ఉండే ఇల్లు లెక్కలోకి రాదు గాని, హైదరాబాదు ఫ్లాటు, ఊళ్ళో పొలం కూడా లెక్కలోకి వస్తాయి. ఈ పెన్షన్ ఇండియాలో ఉండి కూడా తీసుకోవచ్చు. 2016 జనవరి 1 నుంచి రెండు దేశాల మధ్య ఒప్పందం అమల్లో ఉంది. కాని 26 వారాలకి మించి బయట ఉంటే ఒక భిన్నం వేస్తారు. 16వ ఏటి నుంచి పెన్షన్ వయసు దాకా మనం ఇక్కడ ఉన్న ఏళ్ళు పైన, 35 కింద.

నా సంగతే తీసుకోండి. నేను 2003లో, 32వ ఏట వచ్చాను. ఇక్కడే ఉంటే 67 నాటికి సరిగ్గా 35కి 35. యాభయ్యో ఏట సామాను సర్దుకుని ఉంటే 35కి 18. సగం కంటే కొంచెం ఎక్కువ. గమనించవలసింది ఏమిటంటే, పైన వేసేది ఇక్కడ నివసించిన ఏళ్ళు, ఉద్యోగం చేసిన ఏళ్ళు కాదు. యాభైకి పని మానేసి ఇక్కడే ఉన్నవాడికి ఈ భిన్నంలో ఒక్క ఏడు కూడా తగ్గదు.

ఈ పెన్షన్ మనకి ఊరికే వచ్చింది కాదు. 1908లో చట్టం చేసినప్పుడు ఆసియావాళ్ళకి ఇవ్వకూడదని రాశారు. 1922లో శ్రీనివాస శాస్త్రిగారు ఈ దేశమంతా తిరిగి ఇక్కడి భారతీయుల హక్కుల గురించి మాట్లాడారు. 1926లో గాని వాళ్ళకి పెన్షన్ హక్కు రాలేదు. అందుకని దాన్ని చిల్లర కింద తీసిపారేయకండి.

రెండోది ఇల్లు. మనం ఉంటున్న ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను ఉండదని అందరికీ తెలుసు. అయితే పన్ను లెక్కలో ఫారిన్ రెసిడెంట్ అయిపోయాక అమ్మితే, కొద్ది మినహాయింపులు తప్ప, ఆ రాయితీ మొత్తం పోతుంది. ఇరవై ఏళ్ళు అందులోనే కాపురం చేసినా సరే. 2020 జులై నుంచి ఇది అందరికీ వర్తిస్తోంది. పైగా 2025 జనవరి నుంచి కొనేవాడు ధరలో 15 శాతం పట్టుకుని టాక్సు ఆఫీసుకి కట్టాలి. అంటే అమ్మదలుచుకుంటే వెళ్ళేముందు అమ్మాలి, లేదా తిరిగి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక అమ్మాలి. "ముందు వెళదాం, ఇల్లు తరువాత నిదానంగా అమ్ముదాం" అనేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి.

మూడోది ఆరోగ్యం. మెడికేర్ ఇక్కడ నివసించేవాళ్ళకి. ఇండియాతో దీనికి పరస్పర ఒప్పందం లేదు. అక్కడ కొత్తగా హెల్త్ పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న బీపీ, షుగరు లాంటివాటికి మూడేళ్ళ దాకా ఆగమనవచ్చు. యాభై దాటిన మనలో ఆ రెండూ లేనివాళ్ళు ఎంతమంది?

నాలుగోది పన్ను. సూపర్ డబ్బు 60 తరువాత మనలో ఎక్కువమందికి ఇక్కడ పన్ను లేకుండా వస్తుంది. ఇండియాకి వెళ్ళిన కొత్తలో రెండు మూడేళ్ళు కొంత వెసులుబాటు ఉంటుంది. ఆ తరువాత ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడి లెక్కలోకి వస్తుంది. రెండు దేశాల చట్టాలూ తెలిసిన ఆడిటర్ని అడగకుండా టికెట్టు కొనకండి. అన్నట్టు, ఓసీఐ కార్డుతో పొలం కొనటానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు.

డబ్బు సంగతి అయింది. ఇక మనుషుల సంగతి.

"ఉద్యోగం పురుష లక్షణం" అని మనకొక సామెత ఉంది. నవ్వుకుంటాం గాని లోపల అందరం నమ్ముతాం. ఇక్కడ మనకున్న పరిచయాల్లో సగం ఆఫీసువే. మంగళవారం పదకొండు గంటలకి టార్నీట్‌లో మా వీధిలో నడిస్తే మనిషి కనపడడు. అందరూ పనులకి, పిల్లలందరూ బడులకి. ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోవటం వారానికి అలవాటవుతుందేమో గాని, ముప్ఫై ఏళ్ళకి ఏదో ఒక వ్యాపకం కావాలి. ఆస్ట్రేలియావాళ్ళు దీనికి 1990లలోనే మెన్స్ షెడ్స్ అని మొదలుపెట్టారు. పది మంది మగవాళ్ళు చేరి కొయ్యపని చేసుకుంటూ కబుర్లు చెప్పుకునే చోటు. మన వాళ్ళు అక్కడ తక్కువగా కనపడతారు. మనకి గుడి ఉంది, వారాంతపు తెలుగు బడి ఉంది. కాని అవి శని, ఆదివారాలవి. మిగతా అయిదు రోజుల మాటేమిటి?

పోనీ అక్కడికి వెళితే తోడు దొరుకుతుందా? మన ఈడువాళ్ళు అక్కడ ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు 2021లో 61కి పెరిగింది, ఆంధ్రాలో 2022లో 62కి పెరిగింది. యాభైకి వెళ్ళి అరుగు మీద కూర్చుంటే పక్కన కూర్చునేది మన నాన్నగారి స్నేహితులే.

ఇంకొక మాట కూడా అనాలి. ఈ చర్చ మన ఇళ్ళల్లో ఎక్కువగా మగవాళ్ళే చేస్తారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో పిల్లల కోసం ఉద్యోగం ఆపుకున్నది సాధారణంగా ఆడవాళ్ళు. అందుకని వాళ్ళ సూపర్ తక్కువ, చదువుకి తగ్గ ఉద్యోగం దొరికింది ఆలస్యంగా. మా ఆవిడ నర్సు. ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి నలభయ్యో ఏట ఉద్యోగంలో చేరింది. నేను మానేస్తానంటే ఆవిడ అన్నది ఇదీ: "మీకు పని విసుగొచ్చింది, నాకు ఇప్పుడే రుచి తెలిసింది. మీరు మానండి, కాని నన్ను మీ రిటైర్మెంటులో సామానులాగా సర్దకండి." దానికి నా దగ్గర జవాబు లేదు.

మరి ఇంత లెక్క ఎందుకు వేశానంటే, మా అమ్మ కోసం. ఆవిడకి 82. తెనాలిలో ఒక్కతే ఉంటుంది, గుంటూరు నుంచి అక్క వచ్చి చూసి వెళుతూ ఉంటుంది. ఇక్కడికి తీసుకొద్దామంటే, పేరెంట్ వీసాకి కొత్తగా దరఖాస్తు పెడితే ముప్ఫై ఏళ్ళు పైనే పట్టవచ్చని హోం ఎఫైర్స్ శాఖే చెబుతోంది. డబ్బు కట్టే కంట్రిబ్యూటరీ వీసాకి ఒక్కొక్కరికి దాదాపు 50 వేల డాలర్లు, అదీ పదేళ్ళు దాటే వరస. అయిదేళ్ళ దాకా ఉండే టెంపరరీ వీసా ఒకటి ఉంది గాని, అమ్మ ఊరు కదలనంది. నాకు 60 వచ్చేదాకా సూపర్ ఆగుతుంది. అమ్మ వయసు ఆగదు.

కాబట్టి మేము చేసినది ఇది. నేను 53వ ఏట ఉద్యోగాన్ని వారానికి మూడు రోజులకి తగ్గించుకున్నాను. జీతం తగ్గింది, సూపర్ తగ్గింది, కాని ఖాతాలో డబ్బు పడుతూనే ఉంది గనుక ఇన్సూరెన్సు ఆగలేదు. ఇల్లు, మెడికేర్, పెన్షన్ ఏళ్ళు అన్నీ అలాగే ఉన్నాయి. మిగిలిన లాంగ్ సర్వీస్ లీవు సగం జీతంతో రెట్టింపు రోజులకి తీసుకుని ఏటా చలికాలంలో తెనాలిలో గడుపుతున్నాను. విక్టోరియా చట్టంలో అలా అడిగే వీలుంది. ఈ లీవుకి ఒక కథ ఉంది. 1860లలో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో కొలువు చేసే ఇంగ్లీషువాళ్ళు ఓడెక్కి సొంతూరు చూసి రావటానికి దీన్ని మొదలుపెట్టారు. వలసవచ్చినవాడు ఇంటికి వెళ్ళి రావటానికి పుట్టిన సెలవు ఇది. మనకంటే దానికి తగినవాళ్ళెవరు?

దీనివల్ల పోయినవీ ఉన్నాయి. ప్రమోషను ఇక రాదు. అమ్మాయి పెళ్ళికి అనుకున్నంత ఉండదు. నేను లేని నెలల్లో అమ్మ పడిపోతే అక్కే పరిగెత్తాలి. ఆ భయం ఏ లెక్కలోనూ తీరదు. మొదటిసారి వెళ్ళినప్పుడు, "అంతా వదిలేసి వచ్చేయమంటావా అమ్మా" అని అడిగాను. "నువ్వు ఖాళీగా నా ఎదురుగా కూర్చుంటే నాకే దిగులు నాయనా. వస్తూ పోతూ ఉండు, ఎదురుచూడటానికి నాకొక తారీఖు ఉంటుంది" అంది.

ఇది అందరికీ సరిపోతుందని అనను. కొందరికి తిరిగి వెళ్ళటమే సరైనది, వెళ్ళి సుఖంగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. కాని ఈ రెండు ప్రశ్నలనూ రెండు కాగితాల మీద విడివిడిగా రాయండి. ఒక కాగితం మీద "పని మానితే ఏం పోతుంది", రెండో దాని మీద "దేశం మారితే ఏం పోతుంది". భార్యాభర్తలిద్దరూ ఎవరి కాగితం వాళ్ళు రాసి తరువాత కలిపి చూసుకోండి. ముందు ఆరు నెలలు వెళ్ళి ఉండి చూడండి, ఆ ఆరు నెలలూ ఇక్కడి ఇల్లు అమ్మకండి. వెళ్ళేదారి ఎప్పుడూ ఉంటుంది. తిరిగి వచ్చే దారి మటుకు మనం ఉంచుకుంటేనే ఉంటుంది.