పాట తెలిస్తేనే బొమ్మ మాట్లాడుతుంది

సాహిత్యానికీ ఇప్పటి చిత్రకళకూ ఉన్న సంబంధం గురించి నన్ను మాట్లాడమన్నారు.

సాహిత్యం అనగానే మీకు పుస్తకాలు గుర్తొస్తాయి. మన పెద్దలకు సాహిత్యం అంటే పాట, కథ, వంశ చరిత్ర. కోయల డోలీలు పడిగె విప్పి కథ చెబుతుంటే, ఆ గుడ్డ మీది బొమ్మలే వాళ్లకు పేజీలు.

ఇలాంటి పాటల నుంచే ఇప్పటి గోండు చిత్రకళ పుట్టింది. దానికి మూలపురుషుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన ప్రధాన్. అక్కడి ప్రధాన్లు బానా అనే తీగ వాయిద్యం వాయిస్తూ గోండుల దేవతల కథలు పాడేవాళ్లు. మన ఆదిలాబాద్ ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ పాడతారు కదా, అలాగే. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం జన్‌గఢ్ గోడబొమ్మలు చూసి ఆయన్ని నగరానికి తీసుకెళ్లింది. తన వాళ్లు పాడిన దేవుళ్లకు ఆయన కాగితం మీద రూపం ఇచ్చారు. 1989లో ఆ బొమ్మలు పారిస్ ప్రదర్శన దాకా వెళ్లాయి. బానా బదులు కుంచె పట్టినా, చేసింది కథ చెప్పే పనే.

ఆయన దగ్గర పని నేర్చిన భజ్జు శ్యామ్, లండన్‌లో ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లారు. తిరిగొచ్చి తాను చూసింది బొమ్మల్లో చెబితే ‘ది లండన్ జంగిల్ బుక్’ అయింది. అందులో విమానం ఎగిరే ఏనుగు. భూమి లోపల తిరిగే రైలు వానపాము. పెద్ద గడియారం పొద్దు చెప్పే కోడిపుంజు. కొత్త ఊరిని చూసింది మాత్రం పాత కథల కళ్లతోనే.

దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేడ్కర్ జీవితాన్ని ‘భీమాయన’గా చిత్రించారు. 2011లో వచ్చింది. మంచి మాటను పిట్ట ఆకారంలో, విషపు మాటను తేలు కొండితో గీశారు. చదవకముందే మాట గుణం తెలిసిపోతుంది.

హాస్టల్‌లో నేను చూసేది చెబుతాను. మన పిల్లల చేతిలో గీత బాగుంది. ఫోన్ చూసి చుక్కల జింకను అచ్చంగా దించేస్తారు. ‘ఇది ఏ కథలోది?’ అంటే జవాబుండదు. ఆ చుక్కలు, గీతలు ఒక్కో గోండు చిత్రకారుడికి సొంత చేతిరాత లాంటివి. ఇంకొకరి చేతిరాతను ఎంత బాగా దించినా అది మన ఉత్తరం కాదు. కథ లేని బొమ్మ ఒట్టి డిజైన్. దాన్ని ఏ మిషనైనా సంచుల మీద అచ్చేస్తుంది.

డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ చరిత్రను నోటితోనే పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో వెళ్లిపోయారు. అలాంటి గొంతులు ప్రతి ఊళ్లో ఒకటీ రెండూ మిగిలాయి.

అందుకే ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు తాతనో, అవ్వనో పాడమనండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. బయట చెప్పకూడని కథ అంటే అక్కడే ఆపండి. మిగిలినవి గీయండి. బొమ్మ కింద కథ నాలుగు వాక్యాల్లో మన భాషలో రాయండి. పాడినవాళ్ల పేరు, ఊరు పైన రాసి, మీ పేరు దాని కింద పెట్టండి.

జై జోహార్.