తోట షెడ్డులో పిల్లల స్కూటర్లు

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో చాలావాటికి వెనక చిన్న తోట, అందులో చెక్క షెడ్డు ఉంటాయి. గడ్డి కోసే మిషను తీద్దామని తలుపు తెరిస్తే, పిల్లలు కాలితో తోసుకునే స్కూటర్లు ఒకదానికొకటి చిక్కుకుని కాళ్ల మీద పడతాయి. నేల మీద ఎంత సర్దినా వారం నిలవదు. గోడకెక్కించడమే మేలు.

షెడ్డు గోడ పలకలు పలచన. కొక్కేన్ని వాటికే బిగిస్తే బరువుకు ఊడొస్తుంది, స్క్రూ మొన అవతలికి పొడుచుకొస్తుంది. లోపల నిలువు కర్రలుంటాయి, స్క్రూ వాటిలోకి దిగాలి. రెండు కర్రలకు అడ్డంగా గట్టి చెక్క బద్ద బిగించి, దానికి కొక్కేలు పెడితే ఇంకా నయం. హ్యాండిల్ రెండు కొక్కేల మీద ఆనుతుంది, చక్రాలు కిందికి వేలాడతాయి. పక్కపక్కనే రెండు స్కూటర్లుంటే ఒకటి కాస్త పైకి, ఒకటి కిందికి. ఎత్తు మాత్రం పిల్లల చేతికి అందేంతే ఉండాలి. అందకపోతే తగిలించే పని మళ్లీ అమ్మానాన్నలదే!

బ్రిటన్ చెమ్మకు చక్రాల బేరింగులు తుప్పు పడతాయి. వానలో తడిసిన స్కూటరును తుడిచాకే లోపల పెట్టించండి. బ్యాటరీ స్కూటరైతే చలికాలంలో షెడ్డులో ఛార్జింగ్ వద్దు. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ పాడవుతుంది.