సమోవా నిప్పుకత్తి నాట్యం: ఇతరులు నేర్చుకోవచ్చా?



దీపావళి నాడు కాకరపువ్వొత్తిని గుండ్రంగా తిప్పితే చీకట్లో వెలుగు చక్రం కనిపిస్తుంది కదా! అలాంటి చక్రమే ఒక జాతికి గుర్తుగా ఎలా మారింది? ఆ జాతికి చెందనివారు దాన్ని నేర్చుకోవచ్చా? ఇదే ఈనాటి మన పాఠం.

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో పూర్వం యోధులు యుద్ధగదను గిరగిర తిప్పుతూ, పైకి ఎగరేసి పట్టుకుంటూ తమ నేర్పును చాటేవారు. ఈ విన్యాసం పేరు ఐలావో. తరువాత గద స్థానంలో నిఫో ఓటి అనే కొక్కెపు కత్తి వచ్చింది. ఇంతవరకు ఇందులో నిప్పు లేదని గమనించండి.

నిప్పు చేరింది 1946లో, అదీ అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో. సమోవా నర్తకుడు ఫ్రెడ్డీ లెటులీ అక్కడ ఇద్దరిని చూశాడు. ఒకరు కొసలకు దీపాలున్న కర్రను తిప్పే బాలిక. రెండోవారు నిప్పుతో ఆడే కళాకారుడు. కథనాలు ఆయనను ‘హిందూ’ అని చెబుతాయి. ఆయన దగ్గరే ఇంధనం తీసుకుని, కత్తికి తువాలు చుట్టి లెటులీ వెలిగించాడు. నేడు సివా అఫి అని పిలిచే నాట్యం అలా పుట్టింది. సివా అంటే నాట్యం, అఫి అంటే నిప్పు.

ఇప్పుడు ఇందులోని విజ్ఞానం చూద్దాం. మన కంటిలో దృశ్యం సుమారు సెకనులో పదో వంతు నిలిచి ఉంటుంది. అందుకే కదిలే మంట గీతలా కనిపిస్తుంది. రెండు కొసలా మంట ఉంటే సగం తిప్పితేనే వలయం పూర్తవుతుంది. ఇక చేయి కాలదెందుకు? వేడి చర్మంలోకి ప్రవేశించడానికి కొంత సమయం కావాలి. మంటలోంచి చేయి చటుక్కున దాటితే ఆ సమయం దొరకదు. అయితే ఇంధనం చర్మానికి అంటుకుంటే అది అక్కడే మండుతుంది. అందుకే నర్తకులు వెలిగించే ముందే గుడ్డలోని అదనపు ఇంధనాన్ని విదిలిస్తారు. ఏళ్ళ సాధన ఉన్నవారికి కూడా గాయాలవుతాయి. మీరు ఇంటి దగ్గర దీన్ని ఎంతమాత్రం ప్రయత్నించకండి.

ఈ సూత్రాలు ఎవరి చేతిలోనైనా ఒకేలా పనిచేస్తాయి. జపాన్‌లోని ఇవాకీలో బొగ్గుగనులు దెబ్బతినడంతో గని సంస్థ అక్కడి వేడినీటి ఊటల ఆధారంగా 1966లో ఒక విహారకేంద్రం తెరిచింది. నేడు అక్కడ జపాన్ యువకులు నిప్పుకత్తి ఆడుతున్నారు. హవాయిలోని పాలినేషియన్ కల్చరల్ సెంటర్‌లో 1993లో మొదలైన ప్రపంచ పోటీల్లో తాహితి, జపాన్‌ల నుంచి వచ్చినవారూ పాల్గొన్నారు.

మరి పరాయివారు ఆడితే సంప్రదాయం చెడుతుందా? మీరే ఆలోచించండి. ఆ నిప్పే ఒక పరాయి కళాకారుడి దగ్గర తెచ్చుకున్నది. కాబట్టి తలుపులు మూసుకోమనడం న్యాయం కాదు. కానీ మరొక నష్టం ఉంది. హవాయిలో పర్యాటకుల విందులు తరచుగా ఈ నాట్యంతోనే ముగుస్తాయి. చూసినవారిలో చాలామంది దీన్ని హవాయి నాట్యమే అనుకుని ఇంటికి వెళతారు. నాట్యం అందరికీ చేరింది, సమోవా పేరు మాత్రం జారిపోయింది. చిన్న దీవుల ప్రజలకు ఇది చిన్న నష్టం కాదు.

అందువల్ల ఎవరు ఆడుతున్నారు అన్నదానికంటే ఎలా నేర్చుకున్నారు అన్నది ముఖ్యం. గురువు దగ్గర మొదట నిప్పు లేని కత్తితో ఐలావో అభ్యసించి, ఆ విన్యాసాల అర్థం తెలుసుకుని, వేదికపై సమోవా పేరు చెప్పి ఆడే విదేశీయుడు ఆ కళకు బంధువే అవుతాడు. మంటను మాత్రమే తీసుకుని పేరును వదిలేసేవాడు ఎక్కడివాడైనా అప్పు ఎగ్గొట్టినవాడే.

చివరగా మీకొక పని. మీ ఊరి కర్రసాము, కోలాటం వంటి కళల్లో ఒకదాన్ని ఎంచుకోండి. అందులో ఏది పాతది, ఏది ఎవరి నుంచి వచ్చి చేరింది అని పెద్దలను అడిగి రాసుకోండి. సెలవు.