ఓడ దగ్గర రాసిన గంటలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ముప్పై ఏళ్లకు పైగా విశాఖ రేవులో పనిచేశావు కదా, నీ పని గురించి ఓ పావుగంట చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. రేవు అనగానే అందరికీ డాల్ఫిన్స్ నోస్ కొండ, లైట్‌హౌసు, పెద్ద పెద్ద ఓడలు గుర్తొస్తాయి. నా పని వాటి నీడలో కూర్చుని గంటలు, నిమిషాలు రాయడం. అదేమిటో చెబుతాను.

ఓడను అద్దెకు తీసుకుని సరుకు తెప్పించుకునేవారు ఓడ యజమానితో రాసుకునే ఒప్పందాన్ని చార్టర్ పార్టీ అంటారు. సరుకు దించడానికి ఇంత సమయం అని అందులో ఉంటుంది. ఆ సమయం పేరు లేటైమ్. ఉదాహరణకి 24,000 టన్నుల యూరియా, రోజుకి 3,000 టన్నుల చొప్పున దించాలి అని ఒప్పందం అనుకోండి. అంటే 8 రోజులు. అది దాటితే రోజుకి 6,000 డాలర్లు డెమరేజి అనుకోండి, గంటకి 250 డాలర్లు. ముందే దించేస్తే ఓడవాళ్లే ఎదురు డబ్బిస్తారు. దాన్ని డెస్పాచ్ అంటారు. మామూలుగా అది డెమరేజిలో సగం ఉంటుంది. లెక్కల మాస్టారు కాలము-పని లెక్కలు చేయిస్తుంటే ఇవి ఎందుకు పనికొస్తాయండీ అని అడిగినవాణ్ని నేనే. నా జీతమంతా ఆ లెక్కల మీదే వచ్చింది.

భాగహారం తేలికే. గడియారం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్న దగ్గరే తగాదా.

పరీక్ష హాలుతో పోల్చి చెబుతాను. మనం బడి గేటు దగ్గరికి వస్తే వచ్చినట్టా, హాల్లో కూర్చుంటే వచ్చినట్టా? ఓడ రేవుకి వచ్చాక కెప్టెన్ "మేం సిద్ధం" అని నోటీసు ఇస్తాడు. చాలామంది వాడే జెన్‌కాన్ అనే నమూనా ఒప్పందం ప్రకారం ఆ నోటీసు మధ్యాహ్నం 12 లోపు ఇస్తే 1 గంట నుంచి లెక్క మొదలు. 12 దాటాక ఆఫీసు వేళల్లో ఇస్తే మర్నాటి పనిదినం ఉదయం 6 నుంచి. కానీ బెర్తు ఖాళీ లేక బయట సముద్రంలో లంగరు వేసుకున్న ఓడ వచ్చినట్టా, రానట్టా? జొహానా ఓల్డెన్‌డార్ఫ్ అనే ధాన్యం ఓడ విషయంలో ఈ ప్రశ్న ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. లివర్‌పూల్ రేవుకి వచ్చిన ఆ ఓడ డాక్‌కి 17 మైళ్ల దూరంలో లంగరు వేసి ఆగింది. ఓడలు మామూలుగా ఆగే చోటే అది, రేవు హద్దుల్లోనే ఉంది, పిలిస్తే వచ్చేస్తుంది కాబట్టి వచ్చినట్టేనని 1973లో తీర్పిచ్చారు. మా పనివాళ్లందరికీ అది పెద్దబాలశిక్ష లాంటి తీర్పు.

ఇక గడియారం ఆగడం. లేటైమ్‌ను వాతావరణం అనుకూలించిన పనిదినాలుగా రాసుకుంటే, వాన పడి పని ఆగిన గంటలు లెక్కలోకి రావు. యూరియా తడిస్తే పాడవుతుంది కాబట్టి నాలుగు చినుకులు పడితే చాలు, హ్యాచ్ మూతలు మూసేయాలి. వాన వెలిశాక లారీలు రాకపోతే మాత్రం ఆ ఆలస్యం సరుకు తెప్పించుకున్నవారిదే, గడియారం నడుస్తూనే ఉంటుంది. ఇంకొక మెలిక ఉంది. లేటైమ్ అయిపోయి ఓడ ఒకసారి డెమరేజిలో పడిందా, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఆ తర్వాత ఎంత వాన పడినా ఆదివారమొచ్చినా మినహాయింపు లేదు.

ఇవన్నీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో రాయాలి. జరిగినవి జరిగినట్టు రాసే పట్టిక అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు తరఫున, ఆ పట్టిక రాయడమే నా పని. ఇక్కడ మీకొక తప్పు చెప్పుకోవాలి.

1988 అక్టోబరు. యూరియా ఓడ. ఒకరోజు పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నం 2 గంటలకి వెలిసింది. హ్యాచ్‌లు తెరిచారు. కళాసీలు ఎక్కారు. లారీలు మాత్రం లేవు. అవి వచ్చేసరికి సాయంత్రం 6 అయింది. సరుకుదారు తరఫు మనిషి నా దగ్గరికి వచ్చి, "ఆరు దాకా వానే అని రాసెయ్ తమ్ముడూ, ఎవరికి నష్టం?" అన్నాడు. ఆయన వయసులో పెద్దవాడు, రోజూ టీ తాగించేవాడు. రాసేశాను. కెప్టెన్ ఏమీ అనలేదు. సంతకం చేస్తూ, 2 నుంచి 6 వరకు వాన లేదని పక్కన ఒక్క వాక్యం రాశాడు.

నాలుగు నెలల తర్వాత ఓడవాళ్ల లెక్క వచ్చింది, ఓడ లాగుబుక్కు నకలుతో సహా. ఆ 4 గంటలు కొట్టేశారు. అది న్యాయమే. కానీ అంతటితో ఆగలేదు. మిగిలిన రోజుల్లో చిన్న చిన్న జల్లులు పడ్డాయి, పది నిమిషాలు, అరగంట. వాటిని హ్యాచ్ పక్కన తడుస్తూ నిలబడి నిజంగా చూసి రాసినవాణ్ని నేను. లాగుబుక్కులో అవన్నీ లేవు. "2 గంటలకి వెలిసిన వానని 6 దాకా కురిపించినవాడి మాట, ఈ జల్లుల విషయంలో ఎందుకు నమ్మాలి?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. రాజీ చేసుకున్నారు. ఆ జల్లులన్నీ కలిపితే 9 గంటలు. 4 అబద్ధపు గంటలు 9 నిజమైన గంటల్ని తినేశాయి. ఏ మనిషికి మేలు చేశాననుకున్నానో ఆయన కంపెనీయే ఆ డబ్బు కట్టింది.

మా మేనేజరు గారు కేకలెయ్యలేదు. ఆరు నెలలు నన్ను ఓడ ఎక్కనివ్వకుండా టైపు మిషను దగ్గర కూర్చోబెట్టారు. మళ్లీ పంపే రోజున ఒకే మాట అన్నారు: "వాన నువ్వు కురిపించకు. కురిసింది రాయి, చాలు."

అప్పుడు నాకు మన బడే గుర్తొచ్చింది. ఆలస్యంగా వచ్చి, మాస్టారూ హాజరు వేసెయ్యండి అని బతిమాలితే, "ఒకడికి వేస్తే ఈ రిజిస్టరుకి విలువేముందిరా" అనేవారు మా తరగతి మాస్టారు. అప్పట్లో అది పట్టుదల అనుకున్నాను. వేళకి వచ్చిన పిల్లల హాజరును కూడా ఆయన కాపాడుతున్నారని నాకు రేవులో తెలిసింది. ఆ మాట ఆయనకి చెప్పుకునే అవకాశం నాకు రాలేదు. అందుకే ఈ వేదిక మీద చెబుతున్నాను.

మన బడి పిల్లలు ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లోకి వెళ్తున్నారు. విశాఖలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. పట్టికలు ఇప్పుడు కంప్యూటర్లో తయారవుతాయి, ఈమెయిల్లో వెళ్తాయి. అయినా హ్యాచ్ మూసిన నిమిషం ఏదో అక్కడ నిలబడి ఎవరో ఒకరు చూడాలి. ఆ ఒకరు మీరైతే, పక్కన టీ పట్టుకుని నిలబడే పెద్దమనిషి మీకూ ఎదురవుతాడు. టీ తాగండి, తప్పులేదు. గంట మాత్రం గడియారం చూసి రాయండి.

కార్యదర్శి గారు చేతి గడియారం వైపు చూస్తున్నారు. నాకిచ్చిన లేటైమ్ పావుగంట. డెమరేజి పడకముందే దిగిపోతాను.