పాలు పిండేది ఎవరు? పైసలు లెక్కపెట్టేది ఎవరు?

(మహదేవపూర్‌లో చదువుకుంటున్న అక్కచెల్లెండ్ల ముందు చేసిన ప్రసంగం)



ఈ రోజు అమ్మకం గురించి మాట్లాడుకుందాం. అమ్మడం మనకు కొత్త కాదు. అంగట్లో కూరగాయలు అమ్ముతాం. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరి అమ్ముతాం. పాలు అమ్ముతాం. బర్రెకు గడ్డి వేసేది మనం. కుడితి పెట్టేది మనం. పాలు పిండేది మనం. మరి ధర ఎంతో చెప్పేది ఎవరు? నెల తిరిగినంక బిల్లు పైసలు తీసుకునేది ఎవరు? చాలా ఇండ్లల్ల మగవాళ్లే.

అమ్మకంలో అందరికంటే పై మెట్టు మీదికి పోయిన ఒక ఆడమనిషి సంగతి ముందు చెప్తా. మనకు దగ్గరి ఊరి సంగతి తర్వాత చెప్తా.

కిరాణం దుకాణంలో పెప్సీ సీసా చూసే ఉంటారు. ఆ కంపెనీ పేరు పెప్సీకో. అది అమెరికా కంపెనీ. 2006 నుంచి 2018 దాకా ఆ కంపెనీని నడిపించింది ఒక ఆడమనిషి. పేరు ఇంద్రా నూయి. ఆమె దొరసాని కాదు. మన దేశపు మనిషే. 1955లో మద్రాసులో పుట్టింది.

ఇంద్ర వాళ్ల అమ్మకు కాలేజీ చదువు దక్కలేదు. ఆ కాలంలో ఆడపిల్లలను అంత దూరం చదివించలేదు. కాని ఆ తల్లి రాత్రి అన్నాల దగ్గర కూతుళ్లకు పోటీ పెట్టేది. "నువ్వు ప్రధానమంత్రి అయితే ఏం చేస్తవు?" అని అడిగేది. ఎవరు బాగా మాట్లాడితే వాళ్లు గెలిచినట్టు. తన చదువు ఆగిపోయిన తల్లి పిల్లలకు మాట నేర్పింది. పైసా ఖర్చు లేని బడి అది.

ఇంద్ర మద్రాసులో డిగ్రీ చదివింది. కలకత్తాలో వ్యాపారం నడిపే చదువు చదివి 1976లో పూర్తి చేసింది. తర్వాత బొంబాయిలో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం. నెలసరి అప్పుడు వాడుకునే ప్యాడ్లను అమ్మించే పని. ఆ రోజుల్లో ఆ సరుకు గురించి బాహాటంగా ప్రకటన వేసే వీలు లేదు. మరి ఎట్ల అమ్మాలి? ఆమె బడులకు, కాలేజీలకు పోయింది. ఆడపిల్లలతో నేరుగా మాట్లాడింది. (ఎందుకు నవ్వుతున్నరు? మనం ఇప్పటికీ ఆ మాట గుసగుసగానే కదా చెప్పుకునేది!)

1978లో అమెరికా పోయి మళ్లీ చదువుకుంది. ఖర్చులకు రాత్రంతా హాస్టల్ వాకిట్లో కూర్చుని కాపలా లాంటి పని చేసింది. రాత్రి పనికి గంటకు కొంచెం ఎక్కువ ఇచ్చేవాళ్లు. ఒక ఉద్యోగం అడగడానికి సరిగ్గా పట్టని కోటు కొనుక్కుని వేసుకుని పోయింది. సిగ్గుతో తిరిగి వచ్చింది. ఆ చదువుల దగ్గరే ఒకామె సలహా ఇచ్చింది, నీకు అలవాటైన చీరే కట్టుకో అని. ఇంద్ర తర్వాతి ఉద్యోగానికి చీర కట్టుకుని పోయింది. ఆ ఉద్యోగం దొరికింది.

1994లో పెప్సీకోలో చేరింది. ఇక్కడ కొంచెం ఆగుదాం. సీసా మన దుకాణం దాకా ఎట్ల వస్తదో తెలుసా? పానీయం సారం కంపెనీ తయారు చేస్తది. అందులో నీళ్లు, చక్కెర, గ్యాసు కలిపి సీసాల్లో నింపేది ఒక ఫ్యాక్టరీ. అక్కడి నుంచి డీలరుకు. డీలరు నుంచి ఆటోలో దుకాణానికి. ఏ దుకాణంలో ఎన్ని పెట్టెలు పోయినయో ఒక పిల్లగాడు రాసుకుంటడు. అతని మీద ఇంకొకరు. వాళ్ల మీద జిల్లా మొత్తం చూసేవాళ్లు. ఆపైన రాష్ట్రం, దేశం. ప్రతి మెట్టు మీద ఉన్నవాళ్లు కింది మెట్టు వాళ్లు రాసింది చదువుతరు. చదివి, రేపు ఎంత పంపాలో చెప్తరు.

ఇంద్ర సీసాల బండి ఎక్కి పైకి రాలేదు. లెక్కల దిక్కు నుంచి వచ్చింది. కంపెనీ ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి అని లెక్క కట్టి చెప్పేది. 2000లో కంపెనీ డబ్బు లెక్కలన్నిటికీ పెద్ద అయింది. 2006లో కంపెనీకే పెద్ద అయింది. ఆ సంవత్సరం కంపెనీ అమ్మకం 3,500 కోట్ల డాలర్లు. 2017కు అది 6,350 కోట్ల డాలర్లు. అంత పెద్ద పదవిలో ఉండి కూడా దుకాణాలకు పోయేది. అరల్లో సరుకు ఎట్ల కనబడుతుందో కొనేవాళ్ల కండ్లతో చూసేది.

ఆమె అమ్మిందని మనం తాగాలని కాదు. తీపి కూల్ డ్రింక్ పావు లీటరు తాగితే ఇంచుమించు 25 గ్రాముల చక్కెర లోపలికి పోతది. అంటే అయిదారు చెంచాలు. పిల్లలకు మజ్జిగే మేలు.

ఆమె తానే చెప్పుకున్న ఒక సంగతి ఉంది. ఒకనాడు రాత్రి, కంపెనీలో పెద్ద పదవి ఇస్తున్నమని ఆమెకు కబురు చెప్పారు. సంతోషంగా ఇంటికి పోయింది. అప్పటికి రాత్రి పది. వాకిట్లోనే అమ్మ ఎదురొచ్చి, పాలు లేవు, పోయి తెమ్మన్నది. భర్త అప్పటికే ఇంటికి వచ్చి ఉన్నాడు. అతను అలసిపోయాడని అమ్మ అతన్ని అడగలేదు. ఇంద్ర పోయి పాలు తెచ్చింది. నీ కిరీటం బయటే పెట్టి ఇంట్లోకి రా అన్నది అమ్మ.

ఈ కథ విని చాలామంది ఆ తల్లిని మెచ్చుకుంటారు. నాకైతే మనసు ఒప్పదు. ఆమె అలసిపోలేదా? ప్రపంచానికి పానీయాలు అమ్మే మనిషైనా ఇంట్లో పాలు తెచ్చే పని ఆమెదేనా? మీరేమంటారో మీలో మీరు మాట్లాడుకోండి.

పాల మాట వచ్చింది కాబట్టి ముల్కనూరు పోదాం. మన మహదేవపూర్ లాగే అది కూడా పాత కరీంనగర్ జిల్లాలోని ఊరే. ఇప్పుడు మనది భూపాలపల్లి జిల్లా, వాళ్లది హనుమకొండ జిల్లా.

ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ముందు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. పుస్తకాలు రాసుకోవడం అక్కడ అలవాటైంది. 2000 సంవత్సరంలో పాల డెయిరీ పెట్టారు. ముల్కనూరు మహిళా సహకార డెయిరీ. సర్కారు పెత్తనం లేకుండా సంఘం నడుపుకోవచ్చని 1995లో వచ్చిన చట్టం కింద పెట్టుకున్నారు. సభ్యులందరూ ఆడవాళ్లే. వాళ్లు ఎన్నుకునే పాలకవర్గమూ ఆడవాళ్లదే. బర్రె మగవాని పేరు మీద ఉన్నా, సభ్యత్వం మాత్రం ఆడమనిషిదే. పాలను "స్వకృషి" పేరుతో ప్యాకెట్లలో అమ్ముతారు.

పాలు అమ్మడం సీసాలు అమ్మినంత సులువు కాదు. సీసా నెల రోజులు ఆగుతది. పాలు ఆగవు. పిండిన కొన్ని గంటల్లోనే 4 డిగ్రీలకు చల్లబరచాలి. తర్వాత 72 డిగ్రీల దాకా కాచి, 15 సెకన్లు ఉంచి, మళ్లీ చల్లార్చి ప్యాకెట్లలో నింపాలి. తెల్లారేసరికి ఏజెంటు దగ్గరికి చేరాలి. చలికాలం పాలు ఎక్కువ వస్తయి. ఎండాకాలం పాలు తగ్గుతయి, మజ్జిగకు గిరాకీ పెరుగుతది. ఈ రోజు ఎన్ని లీటర్లు పాలుగా పోవాలి, ఎన్ని పెరుగు కావాలి? ఏజెంటుకు కమీషన్ ఎంత? ఇవన్నీ పాలకవర్గం ముందుకు వచ్చే లెక్కలు. పాలు పిండే చేతులే ఆ కాగితం మీద సంతకం పెడతయి. ఏడాది చివర లాభం మిగిలితే, ఎవరు ఎన్ని పాలు పోస్తే ఆ లెక్కన బోనస్ పంచుకుంటారు.

మన చీటీ సంగతి చూద్దాం. పాల ధర వెన్న శాతం మీద ఉంటది. లెక్క కోసం, కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. బర్రె పాలల్లో వెన్న 7 శాతం ఉంటే, కిలో పాలల్లో 70 గ్రాముల వెన్న. ధర 56 రూపాయలు. చీటీ మీద 6 అని రాస్తే 48 రూపాయలే. ఒక్క అంకెకు 8 రూపాయల తేడా. రోజుకు 5 కిలోలు పోస్తే 40 రూపాయలు. నెలకు 1,200.

అంటే నెల బియ్యం ఖర్చు! (అవును లక్ష్మమ్మలూ, రాజమ్మలూ, వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి.)

ఆ అంకె ఎవరు రాసినా, చదివేది మనం కావాలి. వచ్చే బుధవారం పాలు పోసేవాళ్లంతా ఈ నెల చీటీలు తీసుకుని రండి. మగవాళ్ల జేబులో ఉంటే అడిగి తీసుకోండి. వెన్న శాతం గడి ఎక్కడ ఉందో ముందు వెతుకుదాం. కూడికలు నల్లబల్ల మీద అందరం కలిసి చేద్దాం.